గోడ మీదుగా వచ్చిన ఇత్తడి

రైలు కదిలేసరికి పెట్టెలో ఒక మూలకు ఒదిగి మేము ముగ్గురం కూర్చున్నాము. అమ్మ, అవ్వ, నేను. పోయిన వారం మీరు మమ్మల్ని కోసిగి స్టేషనులో, టిక్కెట్టు కిటికీ ముందర వదిలిపెట్టారు. కొత్తగా మా బండి ఎక్కినవాళ్ల కోసం వెనకటి సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టారని మా అవ్వ ఓబులమ్మ తన ఇద్దరు కొడుకులకూ ఆ స్వామి పేరే పెట్టుకుంది. పెద్ద ఈరన్న మా నాయన. కరువు ఏడాది బావిలో పూడిక తీస్తుంటే గట్టు విరిగి మీద పడి పోయాడు. కర్మ జరిగిన వారానికే మా చిన్నాయన చిన్న ఈరన్న ముంగిట్లో అడ్డంగా మట్టి గోడ పెట్టించాడు. గోడకు అటువైపు గాదె, ఎద్దులు, బావి. ఇటువైపు ఒక వసారా, పొయ్యి, మేము. గోడ లేచిన రోజు అవ్వ తన చాప చుట్టుకుని మా వైపుకు వచ్చింది. "పెద్దోడి బిడ్డ ఈడ ఉండాది" అని ఒక్క మాటే అంది. ఆ రోజునుంచి చిన్నాయన ఆమెను పలకరించలేదు.

ఎర్రగుట్ట కింది చేనులో నాయన భాగం అమ్మదేనని ఆదోనిలో లాల్ అహమ్మద్ వకీలు చెప్పారు. చిన్నాయన ఆ చేనును అమ్మకానికి పెట్టాడని ఊరంతా చెప్పుకుంటోంది. ఆపాలంటే దావా వెయ్యాలి. దావా వెయ్యాలంటే కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేని బీదవాళ్లయితే ఆ ఫీజు సర్కారు తన మీద వేసుకుంటుంది. దాన్ని పాపరు దావా అంటారు. కాని మేము నిజంగా బీదవాళ్లమని ముందు కోర్టుకు నమ్మకం కుదరాలి. అందుకని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్.ఐ., మా ఇల్లు చూసి పోయారు. మా అర్జీ మీద విచారణ ఈ రోజే.

అవ్వ కిటికీ పక్కన కూర్చుని జొన్న పేలాలు నములుతోంది. ఆమె ముఖంలో బెంగ లేదు. తిరునాళ్లకు పోతున్నట్టు ఉంది.

"ఆర్.ఐ. దొర కూడా వస్తాడంట గదా ఈ పొద్దు" అంది. "మంచోడు. అవ్వా చాలు, అవ్వా చాలు అంటానే తిన్యాడు."

అమ్మ తల తిప్పింది. "తిన్యాడా? సల్ల తాగి పాయె అని గదా అత్తా నువ్వు చెప్పింది?"

"సల్ల కూడా తాగినాడు."

అమ్మ ఇంకేదో అడగబోయింది. అంతలో బొగ్గుపొగ పెట్టెలోకి దూరి అందరం దగ్గాము. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆర్.ఐ. మా ఇల్లు చూడడానికి వచ్చిన రోజు అమ్మ ఎవరి చేనులోనో కలుపు తీస్తోంది, నేను బడిలో ఉన్నాను. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరేసరికి చాటలో రెండు ఓళిగలు ఉన్నాయి. శెట్టిగారి సుబ్బరత్నమ్మ ఇచ్చిందని అవ్వ చెప్పింది. మేము నమ్మి తిన్నాము. ఎంత తియ్యగా ఉన్నాయో ఇప్పటికీ నాకు నాలుక మీద ఉంది.

అమ్మ తన మోకాళ్ల మధ్య మూట పెట్టుకుని దాన్నే చూస్తోంది. ఆ మూటలో తిండి లేదు. మారుగుడ్డలు ఉన్నాయి. అర్జీ కొట్టేస్తే ఇంటికి తిరిగి పోకుండా ఆదోనినుంచి నేరుగా బొజ్జన్న మేస్త్రీ గుంపులో కలిసి తుంగభద్ర కాలువ పనికి సుగ్గి, అంటే కూలికి వలస, పోదామని అమ్మ అనుకుంది. మేస్త్రీకి మాట కూడా ఇచ్చింది. గుంపు బండ్లు ఆ సాయంత్రం ఆదోని సంతపేటలో ఆగుతాయి. సుగ్గి పోయిన పిల్లలు మళ్లీ బడికి రావడం మా ఊళ్లో నేను చూడలేదు. ఈ సంగతి అమ్మ నాతో చెప్పలేదు. మూటలో నా రెండో లంగా కనబడి నేనే తెలుసుకున్నాను.

కోర్టు వసారాలో లాల్ అహమ్మద్ వకీలు ఎదురొచ్చారు. పొట్టి మనిషి, నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. మా దగ్గర ఆయన ఇంతవరకు ఏమీ పుచ్చుకోలేదు.

"రామలక్ష్మమ్మా, భయపడొద్దు. ఆర్.ఐ. రిపోర్టు ఈ పొద్దే చదువుతారు. మీ ఇల్లు చూసిన ఏ మనిషైనా మీకు ఏమీ లేదనే రాస్తాడు. పది నిమిషాల పని" అన్నారు.

అవ్వ మురిసిపోయింది. "బాగా రాసింటాడప్పా. మర్యాదకేం తక్కువ చెయ్యలేదు."

వకీలు ఆ మాట పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. 

కోర్టు గదిలో చిన్నాయన అప్పటికే ఉన్నాడు. కొత్త తలగుడ్డ, పక్కన అతని వకీలు. చిన్నమ్మ నాగలక్ష్మమ్మ కూడా ఉంది. ఆమె కోర్టు కోసం రాలేదు, సంత కోసం వచ్చింది. ఒడిలో కొత్త చీపుర్ల కట్ట పెట్టుకుని ఆడవాళ్ల మూలన కూర్చుంది. మా అవ్వను చూసి ముఖం తిప్పుకుంది. చిన్నాయన మాత్రం అవ్వను చూశాడు, చూసి వెంటనే కళ్లు దించుకున్నాడు.

తీర్పు చెప్పే మునసబు గారు కోస్తా వైపు మనిషి. ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి ఆంధ్రలో కలిసి ఏడాది కూడా కాలేదు, ఆయన ఈ ఊరికి వచ్చి అంతకంటే తక్కువే అయ్యుంటుంది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. నెమ్మదిగా మాట్లాడతారు.

ఆర్.ఐ. శ్రీనివాసులు గారిని పిలిచారు. ఆయన ప్రమాణం చేసి నిలబడ్డారు. సర్కారు ప్లీడరు లేచాడు. ఫీజు సర్కారు భరించాలి కాబట్టి మేము బీదవాళ్లమా కాదా అని నిగ్గదీయడం ఆయన పని.

"అర్జీదారు ఇంట్లో ఏమేం చూశారు?"

"ఇత్తడి బిందెలండి. ఒక గంగాళం. కంచు పళ్లెం. నవారు మంచం, దాని మీద కొత్త దుప్పటి."

అమ్మ చెయ్యి నా చెయ్యిని వెతికి పట్టుకుంది. మా ఇంట్లో రెండు మట్టి కుండలు, ఒక సత్తు గిన్నె ఉన్నాయి. మంచం నాయనతోనే పోయింది.

"ఇంకా?"

ఆర్.ఐ. గొంతు సర్దుకున్నారు. "భోజనం పెట్టారండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమి భోజనమో కోర్టువారికి చెప్పండి. సిగ్గుపడకండి."

"వరి అన్నం. కందిపప్పు. నెయ్యి." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఓళిగలు."

ఆ మాట వినగానే అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఇద్దరి నోట్లోనూ ఆ తీపి ఒక్కసారే చేదైంది.

"ఈ కరువులో మా ఇంట్లో పండగకు కూడా ఓళిగ చెయ్యలేదు" అన్నాడు సర్కారు ప్లీడరు. "వీళ్లు పాపర్లయితే, ఏలినవారు, సర్కారు ఖజానా తాళం తీసి సంతలో వేలాడదీయడం మేలు."

నవ్వులు ఆగాక ఆర్.ఐ. తనంతట తానే ఇంకో మాట అన్నారు. "ఆ ముసలమ్మ కన్నతల్లి మాదిరి పెట్టిందండి. తిని, తిన్నది రాయకుండా ఉంటే తప్పు గదా అని రాశాను. నాకూ కష్టంగానే ఉంది."

అవ్వ తల ఊపింది. ఆమెకు ఆ మాటలో మొదటి సగమే వినబడినట్టుంది.

మునసబు గారు అమ్మను లేచి నిలబడమన్నారు. "ఆ సామాన్లు మీవేనా అమ్మా?"

"కాదు సామీ. మావి కాదు."

"మరి ఎవరివి?"

"నాకు తెలీదు సామీ."

ఈసారి గది అంతా నవ్వింది. తన ఇంట్లోని బిందెలు ఎవరివో తెలియని ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? అమ్మ పమిట అంచు నోట్లో కుక్కుకుంది. చిన్నాయన వకీలు తన గుమాస్తా చెవిలో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

మునసబు గారు నవ్వలేదు. "భోజనాల తరువాత మళ్లీ కూర్చుంటాను. ఆ వస్తువులు మీవి కాకపోతే ఎవరివో, మీ ఇంట్లోకి ఎందుకు వచ్చాయో అప్పుడు చెప్పాలి. చెప్పలేకపోతే అర్జీ కొట్టేయడం తప్ప నేను చేయగలిగింది లేదు."

వసారా చివర, ఎండ తగలని స్తంభం వెనక, అమ్మ అవ్వను నిలబెట్టింది. నేను పుట్టిన తరువాత అమ్మ అవ్వ మీద గొంతు ఎత్తడం అదే మొదటిసారి.

"ఏం చేస్తివి అత్తా? ఏం చేస్తివి?"

"ఇంటికి దొర వస్తాడని తలారి చెప్పి పాయె. వట్టి కుండలు చూపిచ్చమంటావా?"

"వట్టి కుండలు చూడ్డానికే గదా వచ్చింది ఆయప్ప! మన లేమి చూసి పోనీకే గదా!"

అవ్వకు ఆ మాట నిజంగానే అర్థం కాలేదు. ఆమె ముఖం చూస్తే తెలిసింది. "లేమి ఎవరన్నా చూపిస్తారా, రామలచ్చిమీ? పెద్దోడు ఉన్నెప్పుడు మన వాకిట్లోకి వచ్చినోడు ఎవడన్నా తినకుండా పోయినాడా? వాడు పోయినాక ఆ ఇల్లు ఇట్లయిందని ఊరూరా చెప్పుకుంటారు. నా కొడుకు పేరు గదా పొయ్యేది."

"పేరు మిగిలింది. చేను పోయింది. నీ మనవరాలు ఈ సాయంత్రం మట్టి గంప ఎత్తుకుంటాది. పేరు గంపలో వేసుకుని మోస్తాదిలే!"

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమంటాండాది పాపా మీయమ్మ? గంపేంది?"

 మూట విప్పి నా లంగా చూపించాను. అవ్వ దాన్ని చేత్తో తడిమింది. తరువాత స్తంభానికి ఆనుకుని నెమ్మదిగా కింద కూలబడింది.

లాల్ అహమ్మద్ వకీలు వచ్చి ఆమె ముందర గొంతుకూర్చున్నారు. కోటు అంచులు నేల మీద పడ్డాయి. "అవ్వా, కోప్పడేటందుకు రాలేదు. ఒక్కటి చెప్పు. ఆ బిందెలు యాడివి?"

 జవాబు చెబుతున్న అవ్వ గొంతులో బాధ కంటే ఆశ ఎక్కువగా ఉంది. 

"దొర వస్తాడనంగా ముందర సందకాడ నేను పొయ్యి కాడ ఉంటి. గోడ మీదనుంచి ఎవరో 'అమ్మా' అన్యారు. ఎవరో బిచ్చపోళ్లు అనుకుంటి. మళ్ల 'అమ్మా, నేను' అన్యాడు. చిన్నోడు." ఆమె చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "గోడ పెట్టినాక నన్ను వాడు పిలిచింది లేదప్పా. ఎదురొచ్చినా పక్కకు తిరిగి పోతాండె. ఆ పొద్దు పిలిచినాడు. 'దొర వస్తాండాడంట, మనింటి పరువు పోగూడదమ్మా' అన్యాడు. మనిల్లు అన్యాడు. తెల్లారి వీళ్లిద్దరూ పోయినాక బిందెలు, గంగాళం, మంచం అన్నీ గోడ మీదుగా వాడే అందిచ్చినాడు, దొర పోయినాక మళ్ల అట్లే తీసుకున్యాడు. బియ్యం, నెయ్యి, బెల్లం కూడా. నేను అనుకుంటి... గోడ ఇంక పడిపోతాదిలే అనుకుంటి."

అమ్మ కోపం అలాగే నిలబడిపోయింది. ఎవరి మీద చూపాలో ఆమెకు తెలియలేదు.

"ఈ మాట మునసబు గారి ముందర చెప్పు అవ్వా. ఇంతే చెప్పు. అర్జీ నిలబడుతుంది" అన్నారు వకీలు.

"చెప్పను."

"అవ్వా..."

"ఒక కొడుకును మట్టిలో పెట్టినా. ఇంకో కొడుకును బోనులో పెట్టమంటావా? వాడు చేసింది తప్పే. అందరూ వాణ్ణి ఛీ అంటారు, వాడు నన్ను ఛీ అంటాడు. రేపు నేను పోతే నన్ను మట్టి చేసేదెవరు? ఈ ఆడోళ్లిద్దరా?"

అమ్మ స్తంభం అవతలికి పోయి గోడకు తిరిగి నిలబడింది. వకీలు లేచి గడ్డం గోక్కున్నారు. చిన్నాయనను అడిగితే అబద్ధం చెబుతాడు. అవ్వను బలవంతం చేస్తే లోపలికి వచ్చి మూగదైపోతుంది. ఆయన నాతో చెప్పకపోయినా నాకు ఆ ముఖంలో అంతా కనబడుతూనే ఉంది.

మగవాళ్లతో మాట్లాడడం నాకు చేతకాదు. బడిలో అయ్యవారు పేరు పిలిచినా లేచి నిలబడతానే గాని పలకలేను. అప్పుడు కూడా ఆయన ముఖం చూడకుండా, ఆయన చెప్పుల వైపు చూస్తూ చెప్పాను.

"చిన్నమ్మకు తెలీదు."

"ఏం తెలీదు బేటీ?"

"బిందెలు ఇచ్చింది తెలీదు. ఆ పొద్దు చిన్నమ్మ జాతరకని పుట్టింటికి పోయింది. తిరిగొచ్చినాక బిందెకు సొట్ట పడిందని మూడు రోజులు గోడ అవతల అరిచింది. ఎవరు ముట్టుకున్యారని చిన్నాయనను అడిగింది. ఎద్దు తన్నిందని చిన్నాయన చెప్పినాడు. ఆ ఇత్తడంతా వాళ్ల నాయన పెట్టింది. కాకిని కూడా వాలనియ్యదు."

వకీలు నా వైపు చూడలేదు. గది తలుపులోంచి లోపలికి, చీపుర్ల కట్ట ఒడిలో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న చిన్నమ్మ వైపు చూశారు. నోట్లోని తమలపాకు నమలడం ఆపేశారు.

"షాబాష్" అన్నారు మెల్లగా. "పాండి లోపలికి. అవ్వా, నువ్వేం చెప్పొద్దు. ఊరికే కూర్చో."

మునసబు గారు కూర్చున్నారు. పంకా మళ్లీ ఊగింది. లాల్ అహమ్మద్ వకీలు లేచి చాలా వినయంగా వంగారు.

"ఏలినవారికి ఒక్క మనవి. ఆర్.ఐ. గారు చూసిన సామాన్ల మాట. అవి మావి కావని మా కక్షిదారు చెప్పింది. ఆమెవేనని ప్రతివాది చిన్న ఈరన్న గారి వాదన అనుకుంటాను. ఆ మాటే రికార్డులో రాయించమని కోరుతున్నాను."

చిన్నాయన వకీలు ఉత్సాహంగా లేచాడు. "తప్పకుండా రాయించండి. ఆ వస్తువులన్నీ రామలక్ష్మమ్మవే. మా కక్షిదారుకు వాటితో ఏ సంబంధమూ లేదు."

"చిన్న ఈరన్న గారూ, అంతేనా?" అని మా వకీలు అడిగారు.

చిన్నాయన లేచి తలగుడ్డ సర్దుకున్నాడు. "అంతే సామీ. అవి మా వదినవే."

"సంతోషం." వకీలు అటు ఇటు చూసి గొంతు పెంచారు. మూలన కూర్చున్నవాళ్లకు కూడా వినబడేంతగా పెంచారు. "ఆ రెండు ఇత్తడి బిందెలు, గంగాళం, కంచు పళ్లెం ఇప్పుడు చిన్న ఈరన్న గారి ఇంట్లో, గోడ అవతల ఉన్నాయి. అవి రామలక్ష్మమ్మవేనని ఆయన కోర్టులో ఒప్పుకున్నాడు. కోర్టు అమీనాను పంపి ఈ సాయంత్రమే వాటిని మాకు ఇప్పించండి. రేపే కంసాలి వీధిలో అమ్మేసి కోర్టు ఫీజు కట్టుకుంటాము. సర్కారుకు ఏ బరువూ ఉండదు."

చీపుర్ల కట్ట నేల మీద పడింది.

"యాడివి? ఎవరివి?" చిన్నమ్మ లేచి నిలబడింది. "నా బిందెలు అమ్ముతారా? అవి నా పుట్టింటివి! మా నాయన తిమ్మయ్య నా పెళ్లికి పెట్టినాడు! ఒక్కోదాని గొంతు మీద నా పేరు కొట్టిచ్చినాడు, కండ్లుంటే చూసుకోండి!"

బంట్రోతు "నిశ్శబ్దం" అని అరిచాడు. చిన్నమ్మ బంట్రోతును కూడా తిట్టింది. మునసబు గారు చెయ్యి ఎత్తి అందరినీ ఆపారు.

"ఎవరమ్మా నువ్వు?"

"నాగలక్ష్మమ్మ. ఈయప్ప పెండ్లాన్ని." ఆమె చూపుడువేలు చిన్నాయన మీద ఉంది.

"ఆ బిందెలు నీవి. బాగుంది. నీ బిందెలు మీ తోటికోడలి ఇంట్లోకి ఎలా వెళ్లాయి?"

 చిన్నమ్మ చూపు మొదట మా అమ్మ మీద పడింది, తరువాత మెల్లగా భర్త వైపు తిరిగింది. "ఎద్దు తన్నిందంటివి గదా" అంది. "ఎద్దు గోడ ఎక్కి ఇచ్చిందా? చెప్పు. నేను ఊళ్లో లేనెప్పుడు ఎవరిచ్చినారు నా బిందెలు?"

చిన్నాయన వకీలు అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగుతున్నాడు. చిన్నాయనకు అది తెలియడం లేదు. అతని చెంపలమీదనుంచి చెమట కారుతోంది. ఒకవైపు పెండ్లాం, ఒకవైపు మునసబు. ఎటూ దారి లేని మనిషి అన్నిటికంటే తక్కువ ఎత్తున్న గోడనే దూకుతాడు.

"నేనియ్యలేదు" అన్నాడు. "మాయమ్మ... మాయమ్మ అడక్కుండా ఎత్తుకపోయింటాది."



అవ్వ చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ వేళ్లు బిగుసుకున్నాయి. నాకు నొప్పి పుట్టినా కదలలేదు.

చిన్నాయన వకీలు ఆ మాటనే అందుకున్నాడు. "అదీ ఏలినవారు! దొంగిలించి తెచ్చిన సామాన్లతో అధికారికి విందు చేసిన ఇల్లు ఇది. ఇలాంటివాళ్లను నమ్మి సర్కారు వీళ్ల ఫీజు మొయ్యాలా? అర్జీ కొట్టేయమని కోరుతున్నాను. దొంగతనం సంగతి పోలీసులు చూసుకుంటారు."

మునసబు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత అవ్వను దగ్గరికి రమ్మన్నారు. ఆమె నడవలేకపోతుంటే ఉన్నచోటే ఉండమని చెప్పి, బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడారు.

"అవ్వా, బాగా ఆలోచించి చెప్పు. నీ కొడుకు చెప్పింది విన్నావు గదా. అడగకుండా తెచ్చానని నువ్వంటే నీ మీద కేసు పెడతారు. ఈ అర్జీని కూడా నేను నమ్మలేను. కాదు, అతనే ఇచ్చాడంటే అతను నా ముందర అబద్ధమాడినట్టు. దానికీ శిక్ష ఉంది. నీ ఒక్క జవాబు మీదనే అంతా ఆగి ఉంది. నిజం ఏది?"

అవ్వ చిన్నాయన వైపే చూస్తోంది. చిన్నాయన నేల వైపు చూస్తున్నాడు.  చిన్నాయనే ఇచ్చాడన్న ఆ ఒక్క మాట రాకపోతే సాయంత్రం బండ్లు, కాలువ గట్టు, నా తల మీద గంప. ఆ మాట వస్తే ఆమెకు మిగిలిన ఒక్క కొడుకూ పోతాడు. నేను ఆమెను చెప్పమని కోరుకోలేకపోయాను, వద్దని కూడా కోరుకోలేకపోయాను. నాయనను బావిలోనుంచి తీసిన రోజు కూడా నేను అంత దిక్కులేనిదాన్ని కాలేదు.

అప్పుడు అమ్మ లేచింది. వసారాలో అరిచిన అమ్మ కాదు ఈమె. అవ్వ పక్కకు వచ్చి, జారిపోయిన ఆమె చెంగు తీసి భుజం మీద సర్దింది. చెవి దగ్గర వంగి చెప్పింది గాని గది అంత నిశ్శబ్దంగా ఉండడం వల్ల అందరికీ వినబడింది.

"నేను చేస్తా అత్తా. నిన్ను నేను మట్టి చేస్తా. ఊరు ఏమన్నా అనుకోనీ."

అవ్వ కోడలి ముఖంలోకి చూసింది. తరువాత నా భుజం మీది చెయ్యి తీసేసింది. తనంతట తానే నడిచి గది మధ్యకు పోయి చిన్నాయనకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడింది. మునసబు గారి వైపు తిరిగి దండం పెట్టింది.

"చెప్తా సామీ. ఉరుకుంద ఈరన్న సాక్షిగా ఉన్నది ఉన్నట్టు చెప్తా. దానికి ముందర ఒక్కటి అడగనీ." ఆమె కొడుకు వైపు తిరిగింది.  "చిన్నోడా, ఆ సందకాడ గోడ మీదనుంచి నన్ను ఏమని పిలిచినావో, ఇంతమంది ముందర, ఈడ, ఒక్కసారి అట్ల పిలువు. పిలిచినాక నీ బిందెలు ఎవరు ఇచ్చినారో నేను చెప్తా."

పంకా లాగేవాడి చెయ్యి ఆగిపోయింది. చిన్నమ్మ మూలనుంచి వచ్చి భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

చిన్నాయన తల ఎత్తాడు.